తలుపు తాళం ఎవరి చేతిలో? – చైనా యూనివర్సిటీల్లో మంచి నాయకత్వపు లక్షణాలు

యూనివర్సిటీకి మంచి నాయకుడంటే ఎలా ఉండాలి అని అడిగితే మామూలుగా వచ్చే జవాబులు మనందరికీ తెలుసు. పెద్ద చదువులు చదివుండాలి, నిజాయితీ ఉండాలి, దూరదృష్టి ఉండాలి, పైవాళ్ల దగ్గర పలుకుబడి ఉండాలి, నిధులు తేగలగాలి. ఇవన్నీ కుర్చీలో కూచున్న మనిషి గురించి చెప్పే జవాబులు. ఆ కుర్చీని కింది నుంచి చూసేవాళ్ల ప్రశ్నలు వేరు. మా ఇళ్లల్లో యూనివర్సిటీ గేటు దాటిన మొదటి తరం మేము. సర్టిఫికెట్ల ఫైలు చంకలో పెట్టుకొని కౌంటర్ ముందు నిలబడ్డప్పుడు వైస్ ఛాన్స్‌లర్ ఎన్ని పుస్తకాలు రాశాడన్నది మాకు పట్టలేదు. మమ్మల్ని లోపలికి రానిస్తారా? వచ్చాక మా మాటకు విలువ ఉంటుందా? రేపు మా మీదికి పోలీసులొస్తే ఆయన ఎటువైపు నిలబడతాడు? ఈ మూడే మా ప్రశ్నలు.

ఈ మూడు ప్రశ్నలతో చైనా యూనివర్సిటీలను చూడాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం. చైనానే ఎందుకంటే, నూట ఇరవై ఏళ్లకు కాస్త పైబడిన కాలంలో అక్కడి యూనివర్సిటీలు చక్రవర్తిని చూశాయి, సైనిక ముఠాల పాలన చూశాయి, జపాన్ బాంబులు చూశాయి, విప్లవం చూశాయి, సాంస్కృతిక విప్లవం చూశాయి, ఇప్పుడు మార్కెట్‌ను చూస్తున్నాయి. ప్రతి దశలోనూ యూనివర్సిటీ పెద్దలకు పరీక్ష ఎదురైంది. కొందరు నెగ్గారు, కొందరు ఓడిపోయారు. ఇద్దరి దగ్గరా మనం నేర్చుకోవాల్సింది ఉంది.

1. పరీక్షల మెట్లు

చైనాలో చదువుకూ అధికారానికీ ఉన్న ముడి చాలా పాతది. సుమారు 1,300 ఏళ్ల పాటు ప్రభుత్వ పరీక్షలు నెగ్గినవాళ్లే అధికారులయ్యారు. పుట్టుకతో పనిలేని వ్యవస్థ అని దీన్ని చాలామంది మెచ్చుకున్నారు. అయితే ఏళ్ల తరబడి కూచొని చదివే తీరిక ఎవరికుంటుంది? భూమి ఉన్నవాడికి ఉంటుంది. అంతేకాదు, 'నీచ జనం' అని ముద్రపడ్డవాళ్లను ఆ పరీక్షలకు అసలు కూచోనిచ్చేవారు కాదు. షావోషింగ్ ప్రాంతంలో 'పడిపోయిన జనం' అని పిలవబడే ఒక సమూహం ఉండేది. పెళ్లిళ్లలో వాయిద్యాలు వాయించడం, పెళ్లికూతుళ్లకు సేవ చెయ్యడం లాంటి పనులు వాళ్లకు తరతరాలుగా అంటగట్టారు. 1723లో చక్రవర్తి ఆ ముద్రను కాగితం మీద ఎత్తేశాడు. అయినా పరీక్ష రాయాలంటే ఇంకా కొన్ని తరాలు ఆగాలన్న షరతు తర్వాత వచ్చి చేరింది. మన కులవ్యవస్థా అదీ ఒకటే అని మేము అనడం లేదు. కాగితం మీద తెరుచుకున్న తలుపు నిజంగా తెరుచుకోడానికి ఎంతకాలం పడుతుందో మన పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు అని మాత్రం అంటున్నాం.

ఈ పరీక్షలు 1905లో రద్దయ్యాయి. అంతకుముందే, 1898లో, బీజింగ్‌లో పెట్టిన రాజధాని విద్యాలయం తర్వాత పెకింగ్ యూనివర్సిటీ అయింది. పేరు మారింది గానీ బుద్ధి మారలేదు. అధికారుల కొడుకులు నౌకర్లను వెంటబెట్టుకొని వచ్చేవారు. డిగ్రీ అంటే ఉద్యోగానికి నిచ్చెన, అంతే.

2. త్సాయ్ యువాన్‌పెయ్ చేసిన పని

1917 జనవరిలో ఆ యూనివర్సిటీకి త్సాయ్ యువాన్‌పెయ్ ప్రెసిడెంటుగా వచ్చాడు. ప్రెసిడెంటు అంటే మన వైస్ ఛాన్స్‌లర్ లాంటి పదవి. త్సాయ్‌ది ఆ షావోషింగే. పాత పరీక్షల్లో పైమెట్టు దాకా ఎక్కినవాడు. ఆ తర్వాత జర్మనీలో చదివాడు, 1912లో కొత్త రిపబ్లిక్‌కు మొదటి విద్యామంత్రి అయ్యాడు. మొదటిరోజు గేటు దగ్గర వరసగా నిలబడి నమస్కారం పెట్టిన నౌకర్లకు ఆయన టోపీ తీసి, వంగి తిరిగి నమస్కారం పెట్టాడని చెబుతారు. మొదటి ప్రసంగంలోనే విద్యార్థులకు, మీరు ఉద్యోగాల కోసం, డబ్బు కోసం వచ్చుంటే తప్పు చోటికి వచ్చారు, ఇది విద్య కోసం పెట్టిన చోటు అన్న అర్థం వచ్చేలా చెప్పాడు.

మాటలు అందరూ చెబుతారు. ఆయన చేసిన పనులు చూద్దాం.

మొదటిది నియామకాలు. సాహిత్య విభాగానికి డీన్‌గా ఛెన్ దూషియును తెచ్చాడు. అప్పటికే అతను పాత విలువల మీద కత్తి కట్టిన పత్రికా సంపాదకుడు. అదే సమయంలో, జడ కత్తిరించుకోకుండా చక్రవర్తినే కీర్తిస్తూ తిరిగే గూ హుంగ్‌మింగ్‌ను ఇంగ్లీషు సాహిత్యం చెప్పడానికి ఉంచాడు. యూనివర్సిటీ డిగ్రీ లేని 24 ఏళ్ల లియాంగ్ షూమింగ్‌ను భారతీయ తత్వశాస్త్రం బోధించడానికి పిలిచాడు. అతను రాసిన వ్యాసం చదివాడు, అర్హత అందులో కనిపించింది, పిలిచాడు. తనకు నచ్చినవాళ్లను తెచ్చుకోవడం ఏ పెద్దమనిషైనా చేస్తాడు. తను ఒప్పుకోని భావాలున్నవాడికి కూడా చోటివ్వడం, కాగితం లేనివాడి ప్రతిభను గుర్తుపట్టడం అరుదు.

రెండోది అధికారం. ప్రతి ఐదుగురు ప్రొఫెసర్లకు ఒక ప్రతినిధి చొప్పున ఎన్నికైన సభ చేతికి ముఖ్యమైన నిర్ణయాలు అప్పగించాడు. అంటే తన చేతిలో ఉన్న అధికారాన్ని తనే తగ్గించుకున్నాడు. దీని ఫలితం తర్వాత తెలిసింది. 1919లో ఆయన రాజీనామా చేసి ఊరు విడిచిపోయినా యూనివర్సిటీ కూలిపోలేదు.

మూడోది తలుపు. 1918 ఏప్రిల్‌లో యూనివర్సిటీ నౌకర్ల కోసం రాత్రి బడి మొదలుపెట్టించాడు. విద్యార్థులే పంతుళ్లు. పగలు గదులు ఊడ్చినవాళ్లు రాత్రి అవే బెంచీల మీద కూచున్నారు. 1920లో ఆడపిల్లలను తీసుకున్నాడు. మొదట తొమ్మిదిమంది తరగతుల్లో కూచొని వినడానికి వచ్చారు, ఆ ఏడే పూర్తిస్థాయి ప్రవేశాలు కూడా మొదలయ్యాయి. ప్రభుత్వ అనుమతి ఏదని అడిగినవాళ్లకు, మగవాళ్లకు మాత్రమే అని నిబంధనల్లో ఎక్కడుంది అన్నట్టు జవాబిచ్చాడు. నిబంధనల పుస్తకాన్ని మనుషుల్ని ఆపడానికి వాడే పెద్దల్ని మనం చాలామందిని చూశాం. మనుషుల్ని లోపలికి తేవడానికి కూడా అదే పుస్తకాన్ని వాడొచ్చునని ఇక్కడ తెలుస్తుంది.

నాలుగోది కష్టకాలం. 1919 మే 4న, చైనా భూభాగాన్ని జపాన్‌కు కట్టబెట్టిన పారిస్ ఒప్పందం మీద విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. 32 మందిని అరెస్టు చేశారు. త్సాయ్ మిగతా కాలేజీల పెద్దలను కూడగట్టి అధికారుల వెంటపడ్డాడు. మే 7న అందరూ విడుదలయ్యారు. ఆ తర్వాతే ఆయన రాజీనామా చేశాడు. పిల్లలు బయటికి వచ్చేదాకా కుర్చీలో ఉండి కొట్లాడాడు, వచ్చాక కుర్చీ వదిలాడు. ఈ వరసను మనం గమనించాలి. ఉపాధ్యాయులూ విద్యార్థులూ పట్టుబట్టడంతో ఆ ఏడాది సెప్టెంబరులో తిరిగొచ్చాడు.

ఈ కథకూ మనకూ మధ్య ఒక నిజమైన దారం ఉంది. త్సాయ్ లేనప్పుడు యూనివర్సిటీని నడిపి, 1930 తర్వాత తానే ప్రెసిడెంటయిన చియాంగ్ మెంగ్‌లిన్, అక్కడే ప్రొఫెసరుగా ఉన్న హూ షి – ఇద్దరూ న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో జాన్ డ్యూయీ శిష్యులు. 1913 నుంచి 1916 దాకా అంబేద్కర్ చదివింది అక్కడే, ఆయన గురువుల్లో డ్యూయీ ఒకరు. 1919 నుంచి 1921 దాకా డ్యూయీ చైనాలో ఉండి ఊరూరా ఉపన్యాసాలిచ్చాడు. ప్రజాస్వామ్యం ఓట్ల పెట్టెతో అయిపోదు, కలిసి బతికే పద్ధతిలో ఉండాలి అన్న డ్యూయీ ఆలోచన ఒకే కాలంలో అటు బీజింగ్‌కూ ఇటు మన ఉద్యమానికీ చేరింది.

3. ఎనిమిది యువాన్ల ఉద్యోగి

అయితే త్సాయ్‌ను దేవుణ్ణి చేసి గుడి కట్టాల్సిన పనిలేదు. 1919 వసంతంలో పైనుంచి ఒత్తిడి వచ్చినప్పుడు ఛెన్ దూషియు డీన్ పదవిని ఆయన కాపాడలేకపోయాడు. డీన్ల పదవులనే ఎత్తేసి, ఆ పేరుతో అతన్ని తప్పించారు.

దీనికంటే మాకు ఎక్కువగా తగిలేది ఇంకొకటి. 1918 శీతాకాలంలో ఆ యూనివర్సిటీ లైబ్రరీలో హునాన్ నుంచి వచ్చిన ఒక రైతు కొడుకు సహాయకుడిగా పనిచేశాడు. నెలకు 8 యువాన్ల జీతం. అప్పుడు ఛెన్ దూషియు జీతం 300 యువాన్లు, త్సాయ్ జీతం 600. పత్రికలు చదవడానికి వచ్చేవాళ్ల పేర్లు రాసుకోవడం అతని పని. కొత్త సంస్కృతి ఉద్యమంలో పేరు మోసిన యువకులు వచ్చేవారు. అతను వాళ్లతో మాట్లాడాలని చూస్తే, దక్షిణాది యాసలో మాట్లాడే లైబ్రరీ నౌకరు మాట వినే తీరిక వాళ్లకు లేకపోయింది. చాలామంది తనను మనిషిగానే చూడలేదని అతను 1936లో ఎడ్గార్ స్నో అనే విలేకరికి చెప్పుకున్నాడు. అతని పేరు మావో జెడాంగ్.

ఇది మావో గొప్పతనం చెప్పడానికి రాయడం లేదు. ఆయన పాలనలో యూనివర్సిటీలకు ఏం జరిగిందో ముందు చూస్తాం. తలుపు తెరిస్తే చాలదని చెప్పడానికి రాస్తున్నాం. చైనా మొత్తంలో అప్పటికి అంతకంటే విశాలమైన యూనివర్సిటీ లేదు. అందులో కూడా యాస అడ్డొచ్చింది, జీతం అడ్డొచ్చింది. నాయకుడు చట్టం మార్చగలడు, హాల్లో ఎవరు ఎవరితో మాట్లాడతారన్నది మార్చడం ఆయన ఒక్కడి వల్ల కాదు. ఆ పని ఉపాధ్యాయులది, విద్యార్థులది. మనది కూడా.

4. డిగ్రీ లేని లెక్కల మాస్టారు

రెండో ఉదాహరణ చింగ్‌హువా యూనివర్సిటీ. 1931 డిసెంబరులో దానికి మెయ్ ఈచీ ప్రెసిడెంటయ్యాడు. అంతకుముందు ఏడాదిన్నరగా అక్కడ ఏ ప్రెసిడెంటూ నిలవలేదు. పైనుంచి రుద్దినవాళ్లను ఉపాధ్యాయులూ విద్యార్థులూ తిప్పి పంపించారు. మెయ్ చాలా తక్కువ మాట్లాడే మనిషి. యూనివర్సిటీకి గొప్పతనం భవనాల వల్ల రాదు, గొప్ప గురువుల వల్ల వస్తుందని ఆయన అన్న మాట చైనాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ప్రొఫెసర్ల సభ చర్చించి తేల్చినదాన్ని అమలు చెయ్యడమే తన పని అని నమ్మి అలాగే నడుచుకున్నాడు.

ఆ చింగ్‌హువాలో జరిగిన ఒక సంగతి మన విద్యార్థులందరికీ తెలియాలి. హువా లువోగెంగ్ చిన్న కొట్టు నడుపుకొనే ఇంటి పిల్లవాడు. డబ్బులేక చదువు మధ్యలో ఆగింది. టైఫాయిడ్ వచ్చి కాలు వంకరపోయింది. కొట్లో కూచొనే లెక్కలు చేసుకునేవాడు. 1930లో ఒక సైన్స్ పత్రికలో, పేరున్న అధ్యాపకుడి వ్యాసంలోని తప్పును చూపిస్తూ వ్యాసం రాశాడు. చింగ్‌హువా గణిత విభాగం అధిపతి శియోంగ్ ఛింగ్‌లాయ్ అది చదివి, ఇతనెవరు అని ఆరా తీశాడు. 1931లో పిలిపించి విభాగంలోనే చిన్న ఉద్యోగం ఇప్పించాడు. పని చేసుకుంటూ తరగతుల్లో కూచునే వీలు కల్పించాడు. రెండేళ్ల తర్వాత, డిగ్రీ లేనివాణ్ణి బోధనలోకి ఎలా తీసుకుంటారన్న అభ్యంతరాన్ని దాటి, అతన్ని బోధనా సహాయకుణ్ణి చేశారు. 1936లో కేంబ్రిడ్జి పంపారు. 1938లో తిరిగొచ్చి ప్రొఫెసరయ్యాడు. ఇరవయ్యో శతాబ్దపు పెద్ద గణితశాస్త్రజ్ఞుల్లో ఒకడిగా నిలిచాడు.

ఇందులో హువా ప్రతిభ ఎంత ఉందో, తలుపు దగ్గర నిలబడ్డ మనిషి పాత్ర కూడా అంత ఉంది. ప్రతిభ అనే మాటను మనల్ని ఆపడానికే వాడటం మనం ఎక్కువగా చూశాం. అర్హత ఎక్కడుందో వెతుక్కుంటూ పోవడం కూడా పెద్దల బాధ్యతే అని ఈ సంగతి చెబుతుంది.

5. రేకుల కప్పు కింద

1937లో జపాన్ దాడి చేసింది. నాన్‌కాయ్ యూనివర్సిటీని బాంబులతో నేలమట్టం చేసింది. పెకింగ్, చింగ్‌హువా, నాన్‌కాయ్ మూడూ కలిసి మొదట చాంగ్‌షాకు, అక్కడినుంచి 1938లో నైరుతి మూలనున్న కున్‌మింగ్‌కు తరలిపోయాయి. సుమారు 300 మంది విద్యార్థులూ, వాళ్లతో పదకొండుమంది ఉపాధ్యాయులూ 1,600 కిలోమీటర్ల దారిని 68 రోజుల్లో చాలా భాగం నడిచే దాటారు. మిగతావాళ్లు సముద్రం మీదుగా, వియత్నాం మీదుగా వెళ్లారు.

మూడు యూనివర్సిటీలకు ముగ్గురు ప్రెసిడెంట్లు. చియాంగ్ మెంగ్‌లిన్, చాంగ్ బోలింగ్, మెయ్ ఈచీ. ముగ్గురు పెద్దలు ఒకచోట ఉంటే ఏమవుతుందో మనం ఊహించుకోగలం. అక్కడ అలా కాలేదు. రోజువారీ బాధ్యత మెయ్‌కు వదిలి మిగతా ఇద్దరూ పక్కకు తప్పుకున్నారు. ముగ్గురిలో డబ్బున్న సంస్థ చింగ్‌హువా. అయినా మెయ్ తన సంస్థ మనుషులకే మేలు చేస్తున్నాడన్న మాట రానివ్వలేదు. తరగతి గదులకు మట్టిగోడలు, రేకుల కప్పులు. వాన వస్తే పాఠం వినిపించేది కాదు. ధరలు మండిపోతుంటే మెయ్ భార్య బియ్యప్పిండి కేకులు చేసి, తీసుకెళ్లి దుకాణానికి అమ్మేది. ప్రెసిడెంటు కారును ఆయన ముందే వదులుకున్నాడు.

ఈ పేదరికంలో కూడా, దేశమంతా ఒకే సిలబస్ ఉండాలని విద్యాశాఖ హుకుం జారీ చేస్తే, 1940లో వాళ్లు రాతపూర్వకంగా కాదన్నారు. 1946 దాకా నడిచిన ఆ సంయుక్త యూనివర్సిటీలో సుమారు 8,000 మంది చదివారు. 1957లో భౌతికశాస్త్రంలో నోబెల్ పొందిన యాంగ్, లీ ఇద్దరూ అక్కడి విద్యార్థులే. నాయకత్వం కష్టాన్ని అందరితో సమంగా పంచుకుంటే, మాట చెప్పే హక్కును కూడా పంచితే, రేకుల షెడ్డు కూడా యూనివర్సిటీ అవుతుంది.

6. రెండు కుర్చీలు

1949 విప్లవం తర్వాత యూనివర్సిటీల్లో రెండు కుర్చీలు వచ్చాయి. ఒకటి ప్రెసిడెంటుది, రెండోది కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శిది. ఏ కుర్చీ ఎత్తుగా ఉండాలన్న దాని మీద ఏర్పాట్లు చాలాసార్లు మారాయి. 1998 ఉన్నత విద్యా చట్టం దీన్ని స్పష్టం చేసింది. ప్రెసిడెంటు బాధ్యత వహిస్తాడు, పార్టీ కమిటీ నాయకత్వం వహిస్తుంది.

ఈ ఏర్పాటులో మంచి మనిషికి ఏమవుతుందో మా యిన్‌చూ జీవితం చెబుతుంది. 1951లో పెకింగ్ యూనివర్సిటీ ప్రెసిడెంటయిన ఈయన పార్టీ సభ్యుడు కాదు. ఈయన కూడా కొలంబియా మనిషే. అంబేద్కర్ గురువు సెలిగ్మన్ పాఠాలు చెప్పిన అర్థశాస్త్ర విభాగంలో 1914లో డాక్టరేట్ తీసుకున్నాడు. జనాభా పెరుగుదలను ఆలోచించి అదుపు చేసుకోవాలని 1957లో రాశాడు. జనం ఎంతమంది ఉంటే అంత బలం అనుకునే రోజులవి. వందలకొద్దీ వ్యాసాలతో ఆయన మీద పడ్డారు. ఎనభైకి దగ్గరపడ్డ వయసులో, ఒంటరిగానైనా వాదిస్తాను, తప్పని రుజువు చేస్తేనే ఒప్పుకుంటాను అని నిలబడ్డాడు. 1960లో పదవి పోయింది. ఆ కుర్చీలో పార్టీ కార్యదర్శే కూచున్నాడు. 1979లో ఆయన మీది ముద్ర ఎత్తేశారు. తర్వాత బలవంతంగా అమలైన ఒకే బిడ్డ విధానం చూస్తే జనాభా ప్రశ్న ఎంత చిక్కో తెలుస్తుంది. మన విషయం అది కాదు. యూనివర్సిటీ పెద్దకే భిన్నాభిప్రాయం చెప్పే హక్కు లేకపోతే కింద ఉన్నవాడికి ఎక్కడుంటుంది?

సాంస్కృతిక విప్లవ కాలం మనల్ని ఇంకా ఇబ్బంది పెట్టే పాఠం. 1970 నుంచి 1976 దాకా పరీక్ష లేకుండా కార్మికుల, రైతుల, సైనికుల సిఫారసుల మీద ప్రవేశాలిచ్చారు. వినడానికి ఇది మనం కోరుకునేదే. నిజంగా పల్లె పిల్లలు చాలామంది వచ్చారు కూడా. కానీ సిఫారసు స్థానిక అధికారి చేతిలో ఉండటంతో దొడ్డిదారి తెరుచుకుంది. పలుకుబడి ఉన్నవాళ్ల పిల్లలు ఆ దారిన పోయారు. 1977 చివర పరీక్ష మళ్లీ పెడితే 57 లక్షలమంది రాశారు, 2 లక్షల 70 వేలమందికి సీట్లు వచ్చాయి. తాళం పెద్దమనిషి దయ మీద ఉన్నంతకాలం పేదల పేరుతో పెట్టిన తలుపు కూడా పేదలది కాదు. నియమం రాసి ఉండాలి, అందరికీ కనబడాలి.

1981లో వుహాన్ యూనివర్సిటీ ప్రెసిడెంటయిన లియు దావోయూ రైతు కుటుంబం నుంచి వచ్చినవాడు. అప్పటికి 48 ఏళ్లు. తమకు నచ్చిన పాఠ్యాంశాలు ఎంచుకునే క్రెడిట్ పద్ధతి, విభాగం మారే స్వేచ్ఛ, బయట చదువుకున్నవాళ్లు పరీక్ష రాసి మధ్యలో చేరే వీలు తెచ్చాడు. మొదటిసారే కౌంటర్ దాటలేనివాడికి రెండోసారి అవకాశం ఇవ్వడం ఇది. 1988లో ఆయన్ను పదవి నుంచి తప్పించారు. తను పెట్టిన పద్ధతులు చాలావరకు తర్వాత ఇతర యూనివర్సిటీల్లో మామూలైపోయాయి.

7. ఇవ్వాళ

ఇవ్వాళ చైనాలో 30కి పైగా పెద్ద యూనివర్సిటీల అధిపతులకు ఉపమంత్రి హోదా ఉంది. హోదా ఉన్నచోట చూపు పైకే ఉంటుంది. ఈ అధికారి ధోరణి తగ్గాలని 2010లో ప్రభుత్వ విద్యా ప్రణాళికే చెప్పింది. షెన్‌జెన్‌లో కొత్తగా పెట్టిన సైన్స్ యూనివర్సిటీలో 2009లో నియమితుడైన జూ చింగ్షి అలాంటి ప్రయత్నమే చేశాడు. 2011లో ప్రభుత్వ అనుమతి రాకముందే 45 మందితో తరగతులు మొదలుపెట్టాడు. విద్యాశాఖతో లాగులాట తర్వాత 2012లో అనుమతి వచ్చింది గానీ, మామూలు చట్రంలోకి చాలావరకు తిరిగి రావాల్సి వచ్చింది. 2019 డిసెంబరులో షాంఘైలోని ఫూదాన్ యూనివర్సిటీ నియమావళి నుంచి 'ఆలోచనా స్వేచ్ఛ' అన్న మాట తీసేశారు. విద్యార్థులు భోజనశాలలో చేరి, ఆ మాట ఇంకా ఉన్న తమ యూనివర్సిటీ పాట పాడారు.

ఇంకోవైపు 2012లో వెనకబడ్డ జిల్లాల పిల్లల కోసం మంచి యూనివర్సిటీల్లో 10,000 సీట్లు ప్రత్యేకంగా కేటాయించారు, తర్వాత వాటిని పెంచారు. అంటే మొదటి ప్రశ్నకు అక్కడ కొంత జవాబు దొరుకుతోంది. రెండో ప్రశ్నకూ, మూడో ప్రశ్నకూ తలుపు మూసుకుపోతోంది.

8. మనం తీసుకోవాల్సింది

ఈ చరిత్ర నుంచి మంచి నాయకత్వపు లక్షణాలను మేము ఇలా కూడదీసుకున్నాం. కాగితం వెనకున్న మనిషిని చూడగలగాలి. తనకు నచ్చని భావానికి కూడా చోటివ్వాలి. నిబంధనను జనం వైపు నుంచి చదవాలి. కష్టంలో అందరితో పాటు ఉండాలి. పిల్లలు జైల్లో ఉంటే ముందు వాళ్లను విడిపించి తర్వాత తన సంగతి చూసుకోవాలి. అన్నిటికీ మించి, తన అధికారాన్ని ఎన్నికైన సభలతో పంచుకోవాలి, ఆ పంపకాన్ని నియమంగా రాసిపెట్టాలి.

చివరి లక్షణం లేకపోతే మిగతావి ఆ మనిషితోనే పోతాయి. త్సాయ్ వెళ్లిపోయినా సభ ఉంది కాబట్టి పని సాగింది. మా యిన్‌చూ ఎంత ధైర్యంగా నిలబడ్డా, ఆయన వెనక అలాంటి సభ లేదు.

అందుకే మిత్రులారా, మన యూనివర్సిటీకి కొత్త వైస్ ఛాన్స్‌లర్ వచ్చినప్పుడు ఆయన మంచివాడా కాదా అన్న దగ్గరే చర్చ ఆపొద్దు. ఆయన ఏ అధికారాన్ని ఎవరితో పంచుకున్నాడో అడుగుదాం. ప్రవేశాల నియమాలు నోటీసు బోర్డు మీద ఉన్నాయా, ఎన్నికైన సభ సమావేశమవుతోందా, నిరుటి గొడవల్లో సస్పెండ్ అయిన పిల్లల ఫైలు ఎక్కడుంది? ఈ ప్రశ్నలు రాతపూర్వకంగా ఇద్దాం. జవాబు కూడా రాతపూర్వకంగానే అడుగుదాం.